రోడ్డు పాడైతే నేరం రేగడిదా?

నంద్యాల జిల్లాలో గుంతలు పడిన రోడ్డు గురించి ఎవరినడిగినా ఒకే జవాబు వస్తుంది: ఇది నల్లరేగడి, ఇక్కడ రోడ్డు నిలవదు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లూ ఈ మాటే అంటారు, ఎస్టిమేటు వేసే ఇంజనీర్లూ ఈ మాటే అంటారు, ఓట్లడగడానికి వచ్చిన నాయకులూ ఈ మాటే అంటారు. ఇంతమంది ఒప్పుకున్న మాట తప్పు. పైగా ఖరీదైన తప్పు. నేల గుణమే అంత అనుకున్నాక చేయవలసిందేమీ మిగలదు కాబట్టి, ఏటా వానలు వెలిశాక గుంతల్లో కంకర పోసి పైన తారు పూయడంతో పని అయిపోతున్నది. దొర్నిపాడు లాంటి మండలం ఈ మాటకు చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. పడమట కుందూ నది, తూర్పున ఆళ్లగడ్డ, నడుమ కనుచూపు మేర నల్లనేల. వరి, శనగ, జొన్న, పత్తి పండించే రైతు సరుకును ఆళ్లగడ్డకో కోవెలకుంట్లకో నంద్యాలకో తోలాలి. పురిటి నొప్పులొచ్చిన మనిషిని తీసుకుపోవలసిందీ ఆ దారినే. అలాంటి దారి ఏడాదిలో నాలుగు నెలలు దారిలా ఉండకపోతే దాన్ని నేల ఖాతాలో రాసి ఊరుకోవడం అన్యాయం. రేగడి రోడ్డును విరవదు, రేగడిలో తేమ మారడం విరుస్తుంది. ఆ మార్పును మారుతున్న వాతావరణం మునుపటికన్నా తీవ్రం చేస్తున్నది. దాన్ని రోడ్డు కిందిదాకా రానిస్తున్నది మాత్రం మనం కట్టే తీరు.

రేగడి ఎలా నడుచుకుంటుందో ఇక్కడి సేద్యగాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. ఎండాకాలంలో పొలం నెర్రెలు విచ్చుకుంటుంది, ఒక్కో నెర్రెలో చెయ్యి మోచేతిదాకా పోతుంది. వానలు పడగానే నెర్రెలు నీళ్లు తాగి మూసుకుంటాయి, నేల ఉబ్బుతుంది, అడుగు తీసి అడుగు వేస్తే కాలికి పెళ్లలు పెళ్లలుగా అంటుకుంటుంది. మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఈ మట్టిలో ఎక్కువ. దాని పలుచని పొరల మధ్యకు నీరు చొరబడితే పొరల ఎడం పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది. సేద్యానికి ఇదే వరం. వానాకాలంలో తాగిన నీటిని కడుపులో దాచుకుని, అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తిన శనగను ఆ పదునుతోనే పంటకు తెచ్చేది ఈ గుణమే. రోడ్డు విషయానికి వస్తే, ఎండి ఉన్నంతకాలం ఈ మట్టికి ఏ లోటూ లేదు, ఎంత బరువైనా మోస్తుంది. నానిందా, బలం అడుగంటుతుంది. నేల బలాన్ని ఇంజనీర్లు సీబీఆర్ అనే శాతంలో కొలుస్తారు. నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి చూస్తే రేగడి సీబీఆర్ సాధారణంగా రెండు మూడు శాతం దగ్గర ఆగిపోతుంది. రేగడి బలహీనమైన నేల అనడం అందుకే సగం మాట. ఎంత తేమ దగ్గర బలహీనం అన్నది మిగతా సగం, ఆ సగాన్నే ఎవరూ చెప్పరు.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రయోగశాలకు పోనక్కర లేదు, పాడైన రోడ్డునే దగ్గరగా చూస్తే చాలు. రేగడి మీది తారురోడ్డు మామూలుగా నడిమధ్యన ముందు పగలదు. అంచు నుంచి రెండు మూడు అడుగుల లోపల, రోడ్డు పొడవునా ఒక సన్నని చీలిక పుడుతుంది. ఎండలు ముదిరే కొద్దీ అది వెడల్పవుతుంది. తొలి వానకు అందులోకి నీళ్లు దిగుతాయి. చీలికకు అవతల ఉన్న తారు పట్టీ పొలం వైపు ఒరుగుతుంది, దాని మీదికి ట్రాక్టరు చక్రం ఎక్కినప్పుడల్లా కొంత కుంగుతుంది, చివరికి అంచు ముక్కలై రాలిపోతుంది. పన్నెండడుగుల రోడ్డు ఎనిమిదడుగులకు వచ్చేది ఇలాగే. నడిమి భాగం అప్పటికీ నిలిచే ఉంటుంది. నడుమ ఉన్నదీ రేగడే, అంచున ఉన్నదీ రేగడే. పోసిన కంకర ఒకటే, తారు ఒకటే, పని చేయించిన కాంట్రాక్టరు ఒకరే. నడిమి మట్టిని తారు కప్పి ఉంచుతుంది కాబట్టి అక్కడి తేమ ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అంచు మట్టి ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, పక్క మడిలో నీళ్లు నిలిస్తే ఊట తాగుతుంది. నేలే దోషి అయితే నడుమా అంచూ ఒకేసారి పోవాలి. అలా పోవడం లేదు.

ఇంజనీరింగుకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రేగడి నేలల్లో ఇళ్ల గోడలు పగులుతుంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైల్ అనే పునాదిని వాడుకలోకి తెచ్చింది. అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాన్ని సుమారు మూడున్నర మీటర్ల లోతుకు దించుతారు. ఎండావానల ప్రభావం అక్కడిదాకానే కాబట్టి ఆ లోతు. అంతకు కింద ఉన్నదీ రేగడే, కానీ తేమ మారదు కనుక కదలదు. కర్ణాటకలో మలప్రభ కాలువలు రేగడిలో పగిలిపోతుంటే బొంబాయి ఐఐటీ ఆచార్యులు ఆర్.కె. కట్టి, ఉబ్బని బంకమట్టిని మీటరు దాకా మందాన పరిచి వాటిని నిలబెట్టే పద్ధతి చూపించారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నల్లమట్టి మైదానాల మీద, అమెరికాలో టెక్సస్ బంకనేలల మీద కూడా రోడ్లున్నాయి. ఆస్ట్రేలియాలో తారు అంచును చక్రం నడిచే చోటి నుంచి మీటరుకు పైగా అవతలికి జరపడం తెలిసిన పద్ధతే. తేమ మారే పట్టీ మీద బరువు పడకుండా చూడడమే దాని ఉద్దేశం. అంత దూరం పోవడం ఎందుకు? ఆళ్లగడ్డ మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి కూడా ఈ కుందూ లోయ రేగడిని తొక్కుకుంటూ పోయేదే. దాని మీద నడిచే బరువులు దొర్నిపాడు రోడ్డు మీద నడిచేవాటికి ఎన్నో రెట్లు. అది నిలుస్తున్నదంటే మందమైన పునాది, ఎత్తైన కట్ట, నీళ్లు పోయే దారి, గట్టి బెర్ములు (తారుకు ఇరువైపులా ఉండే అంచులు) ఉన్నందువల్ల. ఆ హంగులన్నీ పల్లె రోడ్డుకు కావాలని ఎవరూ అనరు. నేల మాత్రం రెండింటికీ ఒకటే.

ఇక వాతావరణం. తేమ మారడమే రోడ్డును విరిచేదైతే, ఆ మార్పును పెద్దది చేసే ప్రతిదీ రోడ్డుకు ముప్పే. వాతావరణ మార్పు అంటే ఎండలు పెరగడం అని మాత్రమే అనుకుంటాం. రేగడికి అసలు కష్టం ఎండ మరీ ఎండై, వాన మరీ వానై, రెండింటికీ మధ్య వ్యవధి తగ్గడంలో ఉంది. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 దాకా దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద మామూలుకన్నా 36 శాతం తక్కువ వాన పడింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. నేల నిండుగా తడిసి ఉండవలసిన నెలలో ఎండడం, మళ్లీ తడవడం అంటే ఏడాదికి ఒకసారి ఉబ్బి తగ్గవలసిన మట్టి రెండుసార్లు ఉబ్బి తగ్గడం. ప్రతిసారీ చీలిక ఇంకొంచెం లోపలికి పోతుంది. 2024 మే మొదట్లో నంద్యాలలో ఎండ 46 డిగ్రీలు దాటింది. గాలి అంత వేడెక్కితే నల్లని తారు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారు మెత్తబడే ఉష్ణోగ్రత 47 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే చాలునన్నది ప్రమాణం. మెత్తబడిన తారు మీద లోడు లారీ గాడి వేస్తుంది, ఆ గాడిలో తర్వాతి వాన నిలుస్తుంది, నిలిచిన నీరు కిందికి దారి వెతుక్కుంటుంది.

వాన సంగతి ఇంకా గట్టిది. 2019 సెప్టెంబరు మూడో వారంలో నంద్యాల ప్రాంతంలో కురిసిన వానలకు కుందూ, దానిలో కలిసే వాగులు ఒక్కసారిగా పొంగాయి. మహానంది ఆలయ ఆవరణలోకి నీళ్లొచ్చాయి, ఊళ్ల మధ్య రాకపోకలు తెగాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే నెలలో, కుందూ పెన్నలో కలిసే చోటికి దగ్గరలోనే, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర, కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, పట్టుకున్నది ఒక్కసారిగా వదలగలదు. మునుపు పదేళ్లకోసారి వచ్చే స్థాయి కుండపోత భూగోళం మీది నేల మొత్తానికి సగటున ఇప్పుడు అదే కాలంలో 1.3 సార్లు వస్తున్నదనీ, వేడి 2 డిగ్రీలకు చేరితే 1.7 సార్లు వస్తుందనీ వాతావరణ మార్పును మదింపు చేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. రోడ్డు కింది తూముకు ఏడాది సగటు వాన ఎంతన్నది పట్టదు. అదంతా పదిహేను వానల్లో పడిందా, నాలుగు వానల్లో పడిందా అన్నదే దానికి ముఖ్యం. నల్లమల వైపు నుంచి దిగే వాగులు, వంకలు పడమటికి పారి కుందూలో కలవాలి. వాటికి అడ్డంగా వేసిన రోడ్డు కింద చాలినంత కన్ను లేకపోతే ఆ రోడ్డే చెరువు కట్టవుతుంది. ఎగువన నీరు నిలిచి కట్ట మట్టిని రెండు మూడు రోజులు నానబెడుతుంది, తర్వాత పైనుంచి పొర్లి దిగువ అంచును కోసుకుపోతుంది. కోసుకుపోయేది రోడ్డు మట్టి ఒక్కటే కాదు. ఒక్క కుండపోతకు పొలాల మీది పైమట్టి లేచి పక్కకాలువలో, తూములో పేరుకుంటుంది. రైతుకు పోయిన ఆ మట్టే మరుసటి వానకు తూమును పనికిరాకుండా చేస్తుంది. నేల కోతా రోడ్డు కోతా వేర్వేరు శాఖలు చూసుకోవలసిన వేర్వేరు సమస్యలని మన కాగితాలు అనుకుంటున్నాయి. నీరు అలా అనుకోవడం లేదు.

కుందూ పొంగడం కొత్తా, తాతల నాడు పొంగలేదా అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఒక వానను, ఒక వరదను చూపించి ఇది వాతావరణ మార్పు పని అని తేల్చడం శాస్త్రం ఒప్పదు, నేనూ ఆ మాట అనడం లేదు. రాయలసీమ తరతరాలుగా కరువునూ వరదనూ రెండింటినీ చూసిందే. అయితే ఆ సంగతి నా వాదనను కొట్టివేయదు, బలపరుస్తుంది. ఎప్పటి నుంచో ఉన్న ఆటుపోట్లకే మన రోడ్లు సరిగా కట్టుకోలేదంటే, అవి పెరుగుతున్న కాలంలో ఆ లోటు ఇంకెంత ఖరీదవుతుంది? వాన లెక్కలు మారతాయా మారవా అన్న అనుమానం ఉన్నవారు కూడా పాత లెక్కలకు సరిపడే తూము అయినా ఉండాలని ఒప్పుకోవాలి కదా. పాత లెక్కకు వేసిన హ్యూమ్ పైపు సగం పూడిపోయి ఉంటే అది ఏ వాతావరణానికీ చాలదు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కట్టినప్పుడు ఊహించినదాన్ని మించి వచ్చింది. అంతటి ప్రాజెక్టుకే గతం చెప్పిన లెక్క చాలలేదు. పల్లె రోడ్డు తూముకు చాలుతుందని ఏ ధైర్యంతో అనుకుంటాం?

రెండో అభ్యంతరం ఇంకా బలంగా వినిపిస్తుంది, దాన్ని తేలికగా తీసేయను: వాతావరణమూ లేదు, తేమా లేదు, కమీషన్లు తిని నాసిరకం పని చేస్తే రోడ్డు పోదా అని. పోతుంది. రాసినదానికన్నా అంగుళం తక్కువ కంకర పోసినవారిని ఏ వాతావరణ శాస్త్రమూ కాపాడకూడదు. కానీ ఈ అభ్యంతరం చెప్పేవాళ్లు ఒక సంగతి గమనించాలి. తనిఖీలో కొలిచేది ముఖ్యంగా తారు మందం, కంకర మందం, తారు పాళ్లు. అన్నీ రాసినట్టే వేసి, పక్కకాలువ తవ్వకుండా, బెర్మును పక్క పొలం నల్లమట్టితోనే నింపిన రోడ్డు తనిఖీలో నెగ్గుతుంది, రేగడి ముందు ఓడుతుంది. దొంగతనం లేని రోడ్డు కూడా పోతుందన్నమాట. పైగా నేల నిలవనివ్వదు అన్న నమ్మకం ఎవరికి ఉపకరిస్తున్నది? నాసిరకం పని చేసినవారికే. రెండేళ్లకు రోడ్డు పోతే రేగడి పేరు చెప్పి బయటపడవచ్చు. అవినీతి మీద కోపం ఉన్నవాళ్లు ముందుగా వదిలించవలసింది ఆ సాకునే.

లారీల బరువే రోడ్డును విరుస్తుందన్న వాదనకు ఎక్కువ మాటలు అక్కరలేదు. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన ఆషో రహదారి పరీక్షల నుంచి తెలిసినదేమంటే, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం పదహారు రెట్ల దాకా పెరుగుతుంది. మన దేశంలో 2018లో ఇరుసు బరువుల పరిమితినే పెంచారు, నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు. నాపరాళ్ల లారీలు, ధాన్యం లారీలు ఆ పరిమితిని కూడా దాటి పోతున్నాయన్నది అందరూ ఎరిగినదే. దాన్ని ఆపాలి. అయినా అదే లారీ మార్చిలో పోయిన దారినే సెప్టెంబరులోనూ పోతుంది, దిగబడేది సెప్టెంబరులో. బరువు మారలేదు, కింద మట్టి తేమ మారింది.

తారు వద్దు, సిమెంటు రోడ్డు వేస్తే పీడ విరగడవుతుందన్న మాట ఈ మధ్య బాగా చెల్లుబాటవుతున్నది. ఊరి వీధుల్లో నీళ్లు నిలిచేచోట సిమెంటు రోడ్డుకు లాభం ఉంది, కాదనను. కానీ రేగడి ఉబ్బితే సిమెంటు పలకను కూడా ఎత్తుతుంది. ఒక మూల లేచి మరో మూల కుంగిన పలక పగలక తప్పదు, పగిలిన పలకను గుంత పూడ్చినంత సులువుగా బాగుచేయలేం. పలకల మధ్య అతుకుల్లో నింపిన మసాలా రెండేళ్లకు ఊడిపోయి, ఆ సందుల గుండా నీళ్లు నేరుగా కిందికి దిగుతున్నా చూసేవారుండరు. పైగా పాత రోడ్డు మీద కొత్త పలక వేస్తూ పోతే వీధి ఎత్తవుతుంది, వాన నీళ్లు ఇళ్లలోకి మళ్లుతాయి. పై పొర ఏదైనా కింద నీటి కథ మారనంత వరకు ఫలితం మారదు.

చేయవలసింది ఏమిటన్నది ఎవరికీ తెలియని రహస్యం కాదు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో ఉన్నదే. రోడ్డు కింది రేగడి పై అడుగు మందంలో కాల్చిన సున్నం కలిపి తొక్కిస్తే, మట్టి బరువులో మూడు నుంచి ఆరు శాతం సున్నంతోనే ఉబ్బడం బాగా తగ్గుతుంది, నానినా బలం నిలుస్తుంది. సున్నానికి ఈ జిల్లా ఎవరి దగ్గరా చేయి చాచనక్కర లేదు. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల నేలంతా సున్నపురాయే, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ అందుకే. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. నాపరాళ్ల పాలిష్ పొడి, కాల్చిన సున్నం ఒకటి కాదు, పొడి పోసి సున్నం కలిపామని రాసుకుంటే మోసమే. గంధకపు లవణాలు ఎక్కువగా ఉన్న మట్టిలో సున్నం కలిపితే ఉబ్బు తగ్గకపోగా పెరుగుతుంది కాబట్టి మట్టి పరీక్ష లేకుండా ఈ పనికి దిగకూడదు. రెండోది, బెర్ములను పక్క పొలం మట్టితో కాక గరుసుతో నింపి, కనీసం మీటరు మేర నీళ్లు దిగకుండా గట్టిచేయాలి. మూడోది పక్కకాలువ, అది తప్పకుండా ఒక వాగులోనో వంకలోనో కలవాలి. ఎక్కడా కలవని పక్కకాలువ రోడ్డు పక్కనే తవ్వుకున్న నీటి తొట్టి, అది లేకపోవడమే మేలు.

ఖర్చు పెరుగుతుందంటారు. మొదటి ఏడాది పెరుగుతుంది, నిజమే. కానీ పల్లె రోడ్డుకు పదేళ్ల ఆయుష్షు లెక్కగట్టి డబ్బు మంజూరు చేస్తూ, అది మూడో ఏడే పోతే తక్కిన ఏడేళ్లూ పూత పనులకు పెట్టేది ఏ పద్దులో రాస్తున్నాం? గుంతల్లో దెబ్బతిన్న బండి ఇరుసు, తడిసిపోయిన ధాన్యం, వేళకు ఆస్పత్రికి చేరని మనిషి ఏ ఎస్టిమేటులోనూ కనిపించరు కాబట్టే చౌక రోడ్డు చౌకగా కనిపిస్తున్నది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన ఐదేళ్ల నిర్వహణ బాధ్యతను కాంట్రాక్టు మీదే పెట్టింది. ఆ పద్ధతి మంచిది. అయితే ఆ నిర్వహణ అంటే గుంత పూడ్చడం అని కాక, జూన్ రాకముందే తూము పూడిక తీయడం, అంచు చీలికలో తారు పోసి మూయడం అని అర్థం చేసుకుంటేనే రేగడి నేలలో దానికి ఫలితం. పెద్ద యంత్రాలు అక్కరలేని పనులివి.

రైతుల పక్షాన నిలబడి రాస్తున్నా ఒక మాట వారికీ చెప్పక తప్పదు. రోడ్డు పక్క పొలాల్లో తారు అంచుదాకా దున్నేయడం, పక్కకాలువను పూడ్చి మడిలో కలుపుకోవడం, గెనిమ తెంచి మడి నీళ్లను రోడ్డు పక్కకు వదలడం చాలాచోట్ల మామూలైపోయింది. రెండు సాళ్ల నేల కోసం ఊరందరి దారిని నానబెట్టుకుంటున్నాం. దీనికి జరిమానాలకన్నా గ్రామసభే సరైన చోటు, ఎందుకంటే ఆ దారిన శనగ బస్తాలు తోలుకోవలసింది ఆ రైతులే. ఇక రోడ్డు ఒక శాఖది, కాలువ మరో శాఖది, వంక ఎవరిదీ కాదు అన్న పంపకంలో తూము ఎప్పుడూ మధ్యన పడిపోతున్నది. దొర్నిపాడులోనో, ఆళ్లగడ్డ చుట్టుపక్కల మరే ఊళ్లోనో రోడ్డు పని మంజూరైనప్పుడు ఎస్టిమేటు ప్రతిని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగే హక్కు ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఉంది. తీసుకున్నాక తారు మందం దగ్గర ఆగకుండా పక్కకాలువ ఎన్ని మీటర్లు, అది ఎక్కడ కలుస్తుంది, తూము కన్ను ఏ ఏడాది దాకా ఉన్న వాన లెక్కలతో కట్టారు, బెర్ముకు మట్టి ఎక్కడి నుంచి తెస్తారు, మట్టి పరీక్ష ఎప్పుడు చేశారు అని పని మొదలుకాకముందే గ్రామసభలో లేచి అడగాలి.